గవ్వ నోరు విప్పే రోజు

"ఇది గానీ రేపొద్దున్న నోరిప్పితే, మన బతుకులేటవుతాయే?"

కూతురి అరచేతిలో ఉన్న వస్తువును ముట్టుకోకుండా, రెండడుగుల దూరం నుంచే తొంగి చూస్తూ అంది అప్పలనరసమ్మ. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఆ వస్తువు భీమిలి ఊళ్ళోకి వచ్చి పూటైనా గడవలేదు. అయితే అప్పలనరసమ్మకి జరగబోయే చెడంతా ముందే వచ్చి ఎదురుగా కూర్చోవడం అలవాటు. మబ్బు పడితే పైకప్పు ఎగిరిపోయినట్టు, ఫోను మోగితే బస్సు బోల్తా పడినట్టు, కూతురు తుమ్మితే ఆస్పత్రిలో చేర్చినట్టు కళ్ళకి కట్టేస్తుంది. ఏడో తరగతితో చదువు ఆగినా, భయపడడంలో మాత్రం ఆమె చదవని చదువు లేదు.

"దీనికి నోరెక్కడిదమ్మా!" అని నవ్వింది సత్యవేణి.

అది అచ్చం గవ్వలాగే ఉంది. తెల్లగా, నున్నగా, పొట్ట దగ్గర సన్నటి చీలికతో. లోపల ఎంత డబ్బుందో ఆ చీలికలో అంకెలుగా వెలుగుతుంది. అందుకే దాని పేరూ గవ్వే. వేణి తన దగ్గరున్న ఇంకో గవ్వను దానికి ముట్టించింది. రెండూ జివ్వుమని అదిరాయి. ఇందులో పది తగ్గింది, అందులో పది పెరిగింది. అంతే, బేరం అయిపోయింది. ఫోను అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు, తుపానుకి కరెంటు పోయినా ఆగదు. కాగితం నోట్లకి బదులుగా రేపు దేశమంతా నడవబోయే డబ్బు ఇదేనని, ముందు తమ ఊళ్ళోనూ, ఉత్తరాన కొండల్లోని సంతల్లోనూ పరీక్షిస్తున్నారని వేణి గర్వంగా చెప్పింది. రుషికొండ దగ్గర ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన వాళ్ళలో తనూ ఒకతె మరి.

"నోట్లేటి సేసినాయే పాపం?"

"నోటుకి దొంగ నోటు పుడుతుంది. దీనికి పుట్టదు. ఎందుకంటే ఇందులో ప్రతి రూపాయికీ జ్ఞాపకం ఉంటుందమ్మా. ఏ గవ్వలోంచి ఏ గవ్వలోకి వచ్చిందో దానికి గుర్తుంటుంది."

అప్పలనరసమ్మ ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"ఓలమ్మో! గురుతుంటే సెప్పేదా మరి?"

"చెప్పదు. తాళం వేసి ఉంటుంది."

"తాళం ఏసినోడు తియ్యలేడేటి?"

వేణి నుదురు కొట్టుకుని స్నానానికి పోయింది.

* * *

పరీక్ష మొదలైన వారంలో ఊళ్ళో వాళ్ళని బస్సెక్కించి ప్రయోగశాల చూపించడానికి తీసుకెళ్ళారు. చల్లటి గదిలో గోడంత తెర. దాని మీద భీమిలి ఊరు వీధులతో సహా కనిపిస్తోంది. ఒక్కో గవ్వా ఒక్కో చుక్క. డబ్బు చేతులు మారినప్పుడల్లా చుక్కకీ చుక్కకీ మధ్య సన్నటి గీత మెరుస్తోంది. పేర్లు మాత్రం లేవు.

"మా ఆడదెక్కడుందో సూపెట్టండి బాబూ, సంతకని పొద్దున్న పోనాది, ఇంకా రానేదు," అన్నాడో ముసలాయన.

"చూపించలేం తాతా. అదే మా గొప్ప," అన్నారు ప్రయోగశాల పెద్ద ప్రభాకరం గారు. అందరూ గొల్లున నవ్వారు. అప్పలనరసమ్మ నవ్వలేదు.

చుక్క వెనకున్న మనిషి ఎవరో తెలియాలంటే మూడు తాళంచెవులు ఒకేసారి తిప్పాలని ఆయన వివరించారు. పెద్ద నేరం అనుమానం వస్తే తప్ప తిప్పరు. ఒకటి ఆయన దగ్గర, రెండోది బ్యాంకు తరఫున వచ్చిన సుచరిత గారి దగ్గర. "మూడోది మీరు నమ్మే మనిషి దగ్గరుండాలి," అంటూ ఆయన నల్లటి చిన్న బిళ్ళను అందరి ముందూ సత్యవేణి మెడలో వేశారు.

చప్పట్లు మోగాయి. "మన నర్సమ్మ కూతురు కాడ ఉన్నాదంటే ఇంకేటి బయ్యం!" అని బస్సులో ఆడవాళ్ళు దారి పొడుగునా అనుకుంటూనే వచ్చారు. నిన్నటి దాకా గవ్వను చేత్తో ముట్టనివాళ్ళు కూడా మర్నాడు వరసలో నిలబడి తీసుకున్నారు. అప్పలనరసమ్మకి మాత్రం ఆ బిళ్ళ కూతురి మెడలో కాకుండా తన గుండెల మీదే వేలాడుతున్నట్టుంది. ఊరి గుట్టంతా తన పిల్ల మెడకి కట్టేశారు. రేపు ఏదైనా అయితే ఊరు ఎవరి గుమ్మంలోకి వస్తుంది?

* * *

అప్పలనరసమ్మ చీరలకి ఫాల్సు కుడుతుంది, అంచులు కుట్టి కుచ్చులు వేస్తుంది. ఆమె అరుగు మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళందరూ చీరల కోసమే రారు. ఆ వీధిలో ఎప్పటినుంచో ఒక పద్ధతుంది. ఇంట్లో దాస్తే మగాడి కంట పడుతుంది, పడితే ఉండదు. అందుకని ఆడవాళ్ళు మిగుల్చుకున్న డబ్బు తెచ్చి నర్సమ్మ దగ్గర దాచుకుంటారు. దాన్ని వాళ్ళు 'దాపుడు' అంటారు. ఎవరిది ఎంతో ఆమెకి కంఠతా; ఆ సంగతి వేణి చెవిన కూడా పడనివ్వదు. ఇంత భయస్తురాలి దగ్గర దాచడమేమిటని ఒకరిద్దరు కొత్త కోడళ్ళు అడిగారు గానీ, భయస్తురాలు కాబట్టే ఆమె నోట్లోంచి మాట జారదని పాతవాళ్ళకి తెలుసు.

గవ్వలు వచ్చాక దాపుడు ఇంకా పెరిగింది. నోట్లయితే పప్పుల డబ్బాలోనైనా కప్పెట్టుకోవచ్చు. గవ్వ పొట్ట మీద అంకె అలా వెలుగుతూ ఉంటే మొగుడికి కనిపించకుండా ఎలా ఉంటుంది? అందుకని ఒక్కొక్కరే చీర చంకలో పెట్టుకుని వచ్చి, తమ గవ్వను నర్సమ్మ గవ్వకి ముట్టించి వెళ్ళసాగారు.

"ఒలే ఒదినా, నా కట్టుడుపళ్ళ సెట్టుకి ఇంకెంత తక్కువున్నాదే?" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అడిగేది ఎండుచేపలమ్మే దాలమ్మ. "ఈ వయసులో నీకు పళ్ళెందుకే, నన్ను కరవడానికా అంటన్నాడు ఆ మడిసి."

"పెట్టించుకున్నాక ముందు ఆ పనే సెయ్యి," అనేది అప్పలనరసమ్మ.

కానీ ఆమె గవ్వలోంచి బయటికి పోయే గీత ఒకటుంది. దాని సంగతి దాలమ్మకి కూడా తెలియదు.

అప్పలనరసమ్మకి నూకరత్నం అని చెల్లెలు ఉంది. మొగుడు అసిరయ్య పెట్టే బాధలు పడలేక ఆమె ఒకసారి అక్క ఇంటికి పారిపోయి వచ్చి దాక్కుంది. వెతుక్కుంటూ వచ్చిన అసిరయ్య, వీధిలో ఆడుకుంటున్న చిన్నారి వేణిని ముద్దు చేసి అడిగాడు. "పిన్ని గదిలో ఉంది," అని ఆ పసిది చెప్పేసింది. ఆ తర్వాత నూకరత్నం ఎడమ చెయ్యి మళ్ళీ పూర్తిగా మడత పడలేదు. రెండోసారి పారిపోయినప్పుడు ఎక్కడుందో ఒక్క అక్కకే చెప్పింది. చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు. వేణి కూడా అలాగే అనుకుంది. తల్లి అనుకోనిచ్చింది.

అసిరయ్య మాత్రం నమ్మలేదు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడు వాడొక నాయకుడి వెనక తిరిగే మనిషి. నూకరత్నం పార్వతీపురం అవతల ఒక కొండ ఊళ్ళో ఉంటోంది. అటు నుంచి పసుపు, చింతపండు తెచ్చి అమ్మే ఒక ఆమె గవ్వలోకి అప్పలనరసమ్మ నెలనెలా కొంత ముట్టిస్తే, ఆమె తీసుకెళ్ళి నూకరత్నం గవ్వకి ముట్టిస్తుంది. ఎప్పుడైనా ఆమె నోట ఒకటి రెండు ముక్కలు తప్ప ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. ఆ డబ్బే కబురు. అంది వస్తే అక్క బాగుందని చెల్లెలికి తెలుస్తుంది. పసుపమ్మ చింతపండు కాస్త ఊరికే ఇస్తే చెల్లెలు బాగుందని అక్కకి తెలుస్తుంది.

* * *

అలా కొన్ని నెలలు గడిచాక, ఒక సాయంత్రం సత్యవేణి ఉత్సాహంగా ఇంటికి వచ్చింది. కంచం ముందు కూర్చుని చేపల పులుసు కలుపుకుంటూ చెప్పింది.

"అమ్మా, మన ఊళ్ళోనే ఒక దొంగ దొరికాడు తెలుసా!"

అప్పలనరసమ్మ చేతిలో గరిటె ఆగింది. "దొంగేటే?"

"ఒక గవ్వలోకి ముప్ఫై నలభై గవ్వల్లోంచి కొంచెం కొంచెం డబ్బు వస్తోంది. ఇచ్చేవాళ్ళు ఏమీ కొనడం లేదు, ఊరికే ఇచ్చి పోతున్నారు. మళ్ళీ అందులోంచి నెలనెలా కొంత కొండల వైపు పోతోంది. ఎవడో జనాన్ని బెదిరించి వసూలు చేస్తున్నాడు. మా యంత్రమే కనిపెట్టి ఆ చుక్కని ఎర్రగా చేసేసింది. రేపు మూడు తాళాలూ తిప్పుతున్నాం. నేను తిప్పడం ఇదే మొదలు!" పులుసు ఇంకాస్త పోసుకుంది. "ఈ వేళ భలే కుదిరిందమ్మా."

అప్పలనరసమ్మకి కూతురి మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుగా ఉన్నాయి. ఎన్నేళ్ళుగా వెయ్యి రకాల ఆపదలు ఊహించుకుంది! ఇల్లు కూలడం ఊహించింది, సముద్రం ఊరి మీదికి రావడం ఊహించింది. కన్న కూతురు తన కంచంలో అన్నం తింటూ చెల్లెలి ఆచూకీ బయటపెడతానని సంబరపడడం మాత్రం ఊహించలేదు.

"ఆ గవ్వని పారేస్తేనో?" అని మెల్లగా అడిగింది.

"పారేస్తే ఏం లాభం? జ్ఞాపకం గవ్వలో లేదు కదా, రూపాయిలో ఉంది. అది ఎప్పుడో మా దగ్గరికి వచ్చేసింది."

చెప్పెయ్యాలనిపించింది. నోటిదాకా వచ్చింది. పిన్ని గదిలో ఉంది అన్న ఆ పసి గొంతు చెవిలో మోగింది. నోరు మూసుకుంది.

పొద్దున్నే దాలమ్మని పిలిచి దాపుడు సంగతి వరకు చెప్పింది. దాలమ్మ గుండె బాదుకుంది.

"ఓలమ్మ ఓలమ్మ! నా పళ్ళ సంగతి ఆ గోడ మీద ఏసేత్తారేటే? నా మొగుడికి తెలిస్తే ఉన్న రెండూ రాలగొడతాడు! నీ కూతురున్నాదనే గదే తీసుకున్నాం!"

ఆ చివరి మాట అప్పలనరసమ్మను అరుగు మీద కూర్చోనివ్వలేదు. గవ్వని చెంగులో ముడి వేసుకుని, తలుపు తాళం వేసిందో లేదో రెండుసార్లు వెనక్కి వచ్చి చూసుకుని, రుషికొండ బస్సెక్కింది.

* * *

వేణి తల్లి అనగానే కాపలావాడు లోపలికి వదిలాడు. ఆమె వెళ్ళేసరికి గదిలో ముగ్గురే ఉన్నారు. బల్ల మీద ఒక పెట్టె, దానికి మూడు రంధ్రాలు. రెండింట్లో అప్పటికే తాళంచెవులు ఉన్నాయి. వేణి తన మెడలోంచి బిళ్ళ తీస్తోంది. గోడ మీద ఎర్రటి చుక్క, దాని చుట్టూ గీతలే గీతలు. ఒక్క గీత మాత్రం అన్నింటినీ దాటుకుని ఉత్తరాన కొండల్లోకి పోతోంది. నేల మీద ఎక్కడా ఎవరికీ చూపించని దారి అక్కడ గోడకి ఎక్కి ఉంది.

"ఆ ఎర్ర సుక్కని నానే బాబూ," అంది అప్పలనరసమ్మ. ముడి విప్పి గవ్వని బల్ల మీద పెట్టింది.

వేణి చెయ్యి అలాగే మెడ దగ్గర ఆగిపోయింది. "అమ్మా?"

సుచరిత గారు ముందుగా తేరుకుని కుర్చీ జరిపారు. అప్పలనరసమ్మ కుర్చీ అంచున కూర్చుని, ఎవరి పేర్లూ చెప్పకుండా దాపుడు గురించి చెప్పింది. ప్రభాకరం గారు వింటూ వింటూ నవ్వేశారు.

"ఒకళ్ళనొకళ్ళు ఇంతగా నమ్మే మనుషులుంటారని మా యంత్రానికి మేం చెప్పలేదమ్మా. అందుకే దొంగల ముఠా అనుకుంది."

"సరే, అది అర్థమైంది," అన్నారు సుచరిత గారు. "కొండల వైపు పోయే ఈ గీత ఎవరికి?"

"అది సెప్పను తల్లీ."

"మీరు చెప్పకపోతే మేం తెరవాల్సి వస్తుంది. నియమం అలా ఉంది."

"తెరిస్తే ఓ మడిసి పేణం పోద్ది."

"తెరిచినా తెలిసేది మా ముగ్గురికే కదమ్మా," అన్నారు ప్రభాకరం గారు అనునయంగా. "ఈ గది దాటి పోదు."

అప్పలనరసమ్మ గోడ మీది ఆ గీత వంక చూసింది.

"మీరు మంచోరే బాబూ. మీ తరవాత ఈ కుర్చీలోకి ఎవులొత్తారు?"

"ఎవరో ఒక అధికారి వస్తారు."

"ఆడి బామ్మర్ది ఎవులు?"

ఆయన నవ్వబోయి ఆగారు.

"నవ్వులాట కాదు బాబూ. నా బుర్రంతా ఇలాంటియ్యే తిరుగుతుంటాయి. ఆ మడిసి కోసం ఎతికేవోడు ఒకడున్నాడు. ఆడికి నాయకులు తెలుసు, టేసన్లో ఓళ్ళు తెలుసు. ఆడు మిమ్మల్ని అడగడు. మీ కాడ పన్జేసేవోడిని అడుగుతాడు. మీ తరవాత వొచ్చేవోడి కాళ్ళట్టుకుంటాడు. తాళాలు ఇనపయ్యే గానీ, తిప్పేది మడుసులే గదా."

వేణి మెడలోంచి బిళ్ళ తీసి, రంధ్రంలో పెట్టకుండా బల్ల మీద పెట్టింది.

"నేను తిప్పను సార్."

"మీ అమ్మగారు కాబట్టి అంటున్నావు వేణీ," అన్నారు సుచరిత గారు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

"అవును మేడం, అమ్మ కాబట్టే. అదే నాకు భయంగా ఉంది. ఇంకొకరి అమ్మ అయితే ఈపాటికి తిప్పేసి, సాయంత్రం ఇంటికి పోయి హాయిగా అన్నం తినేదాన్ని. నిన్న తిన్నాను కూడా." ఆమె బిళ్ళను వేలితో ఇంకాస్త దూరం నెట్టింది. "మంచివాళ్ళ చేతిలో తాళం ఉంటే చాలనుకున్నాను. నేను చెడ్డదాన్ని కాదు కదా మేడం. అయినా ఇంకొక్క నిమిషంలో తిప్పేసేదాన్ని."

ప్రభాకరం గారు లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చారు.

"ఈ పెట్టెని కుడి వైపు తిప్పితే తెరుచుకుంటుంది. ఎడమ వైపు తిప్పితే ఇక్కడా, రూపాయిల్లోనూ ఉన్న జ్ఞాపకమంతా తుడిచేస్తుంది. పరీక్ష నడిచినన్నాళ్ళూ తుడిచే అధికారం నాకుంది," అన్నారు. "రూపాయికి తను అసలుదన్న సంగతి ఒక్కటి గుర్తుంటే చాలు. ఎవరి చేతిలోంచి వచ్చిందో చెయ్యి మారగానే మర్చిపోవాలి. ఇకమీదట గవ్వల్ని అలాగే తయారుచేద్దాం."

"మరి నిజం దొంగలు, సార్?" అన్నారు సుచరిత గారు.

"అవును బాబూ, నిజం దొంగలు పడితేనో?" అంది అప్పలనరసమ్మ వెంటనే, కళ్ళు పెద్దవి చేసి.

ముగ్గురూ ఆమె వంక తిరిగారు.

"ఇంతకీ మీరు ఎటు వైపమ్మా?" అన్నారు ప్రభాకరం గారు.

"నాను బయ్యం వైపు బాబూ. ఎటేపు బయ్యముంటే అటేపు."

ఈసారి సుచరిత గారు కూడా నవ్వారు. కాగితం నోటుకి ఏ జ్ఞాపకమూ లేని రోజుల్లో కూడా దొంగలు దొరికారని, పెద్ద మొత్తాలు బ్యాంకు గుమ్మం దాటేటప్పుడు ఎలాగూ అడుగుతారని ఆవిడే అన్నారు. పైవాళ్ళు ఒప్పుకుంటారన్న నమ్మకం తనకి లేదని, పరీక్షే ఆపెయ్యవచ్చని, అందరి ఉద్యోగాలకీ ముప్పు రావచ్చని కూడా చెప్పారు. చెప్పి, తన తాళంచెవి మీద చెయ్యి వేశారు. "పైవాళ్ళు అడిగితే నేనూ మీతోనే ఉంటాను. ఎడమకే తిప్పుదాం."

వేణి బిళ్ళ తీసి మూడో రంధ్రంలో పెట్టింది. ముగ్గురూ ఒకేసారి తిప్పారు. గోడ మీద గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సంత దగ్గరివి, రేవు దగ్గరివి, అప్పలనరసమ్మ అరుగు చుట్టూ అల్లుకున్నవి. కొండల వైపు పోయే గీత ఊరి పొలిమేర నుంచి మొదలై, చివరి మలుపు దాకా ఆరిపోయింది. ఎర్ర చుక్క మామూలు చుక్క అయి మిగతా వాటిలో కలిసిపోయింది. ఏది తనదో అప్పలనరసమ్మ వెతికి చూసింది. పోల్చుకోలేకపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊపిరి పొట్ట నిండా పీల్చుకుంది.

* * *

తిరుగు బస్సులో తల్లీ కూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పోతున్నాయి. వేణి కిటికీలోంచి చూస్తూ, ఇటు తిరక్కుండానే అడిగింది.

"ఆ గీత చివర ఉన్నది పిన్నేనా అమ్మా?"

అప్పలనరసమ్మ వెనక సీటు వంక తిరిగి చూసింది.

"చెప్పమని అడగడం లేదు. చెప్పకపోయినా ఫరవాలేదు. బతికుందా లేదా, అదొక్కటే..."

తల్లి ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంది. ఆలోచనలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఎవరైనా వింటున్నారేమో. పిల్ల నోరు జారుతుందేమో. జారకపోయినా వాడు ఈ పిల్లనే పట్టుకుని అడుగుతాడేమో. బస్సు ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, మళ్ళీ కదిలింది. కండక్టరు వచ్చి పోయాడు. ఊళ్ళో దిగి, సందు మలుపు తిరిగారు. వేణి రెండోసారి అడగలేదు. గుచ్చి చూడనూ లేదు. తల్లి ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా పక్కనే నడిచింది.

గుమ్మం ముందు అప్పలనరసమ్మ ఆగింది. అటూ ఇటూ చూసింది. తర్వాత కూతురి రెండు చేతులూ పట్టుకుని, పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడూ మాట్లాడనంత నెమ్మదిగా చెప్పింది.

"ఉన్నాదమ్మీ. పార్వతీపురం అవతల ఉంటున్నాది, రెండు గేదెలున్నాయట. నిన్ను సూడాలని ఉన్నాదని ఎప్పుడో కబురంపింది. ఆదివారం వొత్తావా, ఎల్దాం?"